ఆకరము తెలియని రాళ్ళు

తొలకరి జల్లు పడినంతనే కర్నూలు, అనంతపురం జిల్లాల సరిహద్దు పల్లెలలో రైతు గొర్రు సవరించుకొనుచుండగా, అతని చేని గట్టు మీదికి మరియొక జనసమూహము దిగుచున్నది. జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, మద్దికెర, వజ్రకరూరు: ఈ పేర్లు ఏటేట ఆ ఋతువున పత్రికల కెక్కుచున్నవి. ఇరుగుపొరుగు జిల్లాలనుండియే గాక కర్ణాటకమునుండి కూడ జనులు వచ్చి, గుడి మంటపములలోను చెట్ల నీడలను దినములు గడపుచు, ప్రొద్దు పొడిచినది మొదలు తల వంచుకొని చేల వెంట రాళ్ళు వెదకుచున్నారు. ఎవరికో ఒక రాయి దొరకినదన్న వార్త మరునాడు వచ్చును. ఆ వార్తలో మూడు సంగతులు తప్పక ఉండును. దొరకినవాడు కూలియో, సన్నకారు రైతో. కొన్న వ్యాపారి పేరు బయటికి రాదు. ధర ఇన్ని లక్షలని ఒక వినికిడి, అసలు విలువ అంతకు ఎన్నియో రెట్లని ఇంకొక వినికిడి. నాల్గవ సంగతి మాత్రము ఉండదు. ఆ రాయి ఏ పొలమున, ఏ మట్టిలో, ఎంత లోతున దొరకినదో ఎవరును వ్రాయరు. వ్రాయుదమన్నను దొరకినవాడు చెప్పడు. చెప్పుట అతనికి క్షేమము కాదు.

ఈ నాల్గవ సంగతిని గూర్చియే నేను వ్రాయదలచినాను.

ఆకరమను మాటకు గని అని అర్థము. ఒక రచనకు ఆధారమైన మూలమును గూడ ఆకరమనియే అందుము. ఆకరగ్రంథముల పట్టిక లేని పరిశోధనవ్యాసమును మా శాఖలో ఎవరును స్వీకరింపరు. రాయికిని మాటకును ప్రామాణ్యము పుట్టినచోటునుండియే వచ్చునని మన పూర్వులు ఒక్క పదముతో సూచించినట్లున్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్ష చెప్పుచు, వేణానదీతీరము, కోసలము, సౌరాష్ట్రము, శూర్పారకము, కళింగము మున్నగు ఆకరములను పేర్కొని, ఒక్కొక్క చోటి వజ్రమునకు ఒక్కొక్క వర్ణము చెప్పెను. ఆ వర్ణవిభాగము నేటి శాస్త్రపరీక్షకు నిలువదు. కాని ‘ఇది ఎక్కడిది?’ అన్న ప్రశ్న నిలిచియున్నది. మన ఇండ్లలో దేవతార్చన పెట్టెలోనుండు శాలగ్రామము సంగతియు ఇట్టిదే. అది కోట్ల ఏండ్లనాటి సముద్రజీవి శిలాజము. గండకీనది ఒడ్డున దొరకినదనియే దానికి ఆ పూజ్యత. శిలాజమను మాటయైనను వినని ముత్తవ్వ కూడ దాని ఆకరము మరువలేదు.

వానకును వజ్రమునకును గల సంబంధము మాయ కాదు. భూమి అడుగున నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతున, ఊహకందని ఒత్తిడిలో, కర్బనము స్ఫటికమై వజ్రమగును. కింబర్లైటు అను అగ్నిశిల దానిని పైకి మోసికొని వచ్చును. వజ్రకరూరు పరిసరములలో అట్టి కింబర్లైటు గొట్టములు పెక్కు కలవు. వాని వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరములు. ఆ శిల ఎండకు వానకు మెత్తబడి మట్టియైపోవును, వజ్రము కాదు. బనగానపల్లె రాతిపొరలలోని గులకరాళ్ళ నడుమ చిక్కిన వజ్రములును ఇట్లే విడివడును. తొలివాన పైమట్టిని కడిగినపుడు, అడుగుననున్న కణము బయటపడి ఏటవాలు ఎండకు తళుక్కుమనును. వెదకువారు ఉదయమును, సాయంకాలమును ఎక్కువగా తిరుగుట అందులకే. ఈ శాస్త్రము వారు బడిలో చదువుకొన్నది కాదు. తాతలనాటి నుండి చూచి నేర్చినది.

అటనే, జొన్నగిరికి దాపున, ఎర్రగుడి కొండరాళ్ళపై అశోకుని ధర్మశాసనములున్నవి. 1929 ప్రాంతమున వానిని లోకమునకు తెలిపినవాడు శాసనపరిశోధకుడు కాడు, అను ఘోష్ అను భూవిజ్ఞాని. రాళ్ళ వెంట తిరుగువాని కన్ను చరిత్రకారునికి సైతము ఎంత ఉపకరించునో ఈ ఒక్క ఉదాహరణము చాలును. జొన్నగిరియే అశోకుని శాసనములలోని సువర్ణగిరి యని కొందరు పండితుల మతము. ఆ వివాదమిచట అప్రస్తుతము.

పూర్వము దొరకినవాని గతి ఎట్లుండెడిదో టావెర్నియర్ వ్రాసియుంచెను. ఈ ఫ్రెంచి రత్నవర్తకుడు పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యపు వజ్రపుగనులకు స్వయముగా వచ్చినవాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరువదివేలమంది, స్త్రీలు పిల్లలతో సహా, పనిచేయుచుండిరని అతడు చెప్పెను. కూలికి ఏడాదికి ముట్టునది మూడు వరహాలు. ఒక కూలి చిన్న వజ్రమును కంటి కొలికిలో దాచి పట్టుబడెనట. పెద్ద రాయి దొరకినపుడు దాచక యజమానికి అప్పగించినచో తలపాగాకు ఒక గుడ్డయు, కొలదిపాటి సొమ్మును బహుమానముగ ఇత్తురట. కోహినూరు కొల్లూరులోనే పుట్టినదని ప్రసిద్ధి. దానికిని తలపాగా గుడ్డయే ముట్టియుండును! నేడు ఆ కొల్లూరు గని పులిచింతల జలాశయపు నీటి అడుగుననున్నది. కోహినూరును ధరించిన రాజుల పేర్లన్నియు మన పిల్లలు అప్పగింతురు. దానిని మట్టిలోనుండి ఏరినవాని పేరు ఏ కాగితమునను లేదు.

మూడువందల యేబది ఏండ్లు గడచినవి. దొరకినవాని స్థితి ఎంతవరకు మారినది? 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము ప్రకారము అనుమతి లేక ఖనిజమును అన్వేషించుటయు, త్రవ్వుటయు నేరము. వానకు బయటపడిన రాయిని వంగి తీసికొనుట త్రవ్వకమగునా యని వకీళ్ళు వాదింపవచ్చును. చేలోనున్న కూలి మాత్రము వకీలు కాడు. అతనికి తెలిసినదల్లా పోలీసు అనిన భయము, కచేరి అనిన దిగులు. ఈ రెంటి మీదనే వ్యాపారి బేరము నడచుచున్నది. రాయి మేలుదా కాదా అని తేల్చువాడును వ్యాపారియే, ధర కట్టువాడును వ్యాపారియే, ‘ఎవరికిని చెప్పకు’మని హితవు చెప్పువాడును అతడే.

ఇచట ఒక చిత్రము గమనింపదగినది. 1878 నాటి నిక్షేపముల చట్టము ఆంగ్లప్రభుత్వము చేసినది. భూమిలో దాచబడిన సొత్తు దొరకినవాడు పది రూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరుకు తెలుపవలెను. హక్కుదారు తేలనపుడు, స్థలము ఆసామితో వేరొక ఒడంబడిక లేనిచో, మూడు పాళ్ళు దొరకినవానికి, ఒక పాలు ఆసామికి చెందును. అనగా ముత్తాత పాతిన బంగారు కాసుల లంకెబిందె దొరకినవానికి చట్టమున ఒక స్థానము కలదు, తెలిపినందులకు ఒక ఫలము కలదు. ప్రకృతి పాతిపెట్టిన వజ్రము దొరకినవానికి ఆ రెండును లేవు. పరప్రభుత్వము దొరకినవానిని నమ్మి మూడు పాళ్ళిచ్చినది. స్వప్రభుత్వము వానిని నమ్మక ఏమియు పొందలేకున్నది. రాయల్టీయు పోయినది, రాయియు పోయినది.

పోనీ, ఇది సాధ్యము కాని పని యందమా యనిన, మధ్యప్రదేశమున పన్నాలో జరుగుచునే ఉన్నది. అచట రాష్ట్రప్రభుత్వపు వజ్రముల కార్యాలయమొకటి కలదు. కొలదిపాటి రుసుము చెల్లించినవానికి ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పుగల తావును కౌలునకిత్తురు. అందు దొరకిన వజ్రమును కార్యాలయమున అప్పగింపవలెను. వారు తూచి, వేలము వేసి, రాయల్టీని పన్నును మినహాయించుకొని, తక్కిన సొమ్ము దొరకినవానికి ముట్టజెప్పుదురు. 2024 జూలైలో ఒక కూలికి 19.22 కారట్ల వజ్రము దొరకగా, అతడు దానిని తీసికొనిపోయి కార్యాలయమున అప్పగించెను. మన వైపున అట్టి రాయి దొరకినవాడు ఆ రాత్రి నిద్రపోడు.

పన్నా పద్ధతి నిర్దోషమని నేననుట లేదు. గోతులు త్రవ్వి పూడ్చని దోషము అచటను కలదు, దొంగచాటు బేరములును పూర్తిగా పోలేదు. జొన్నగిరి వైపున మరియొక చిక్కు. అవి అడవులు కావు, పంటచేలు. విత్తనమునకు సిద్ధపరచిన నేలను వందలమంది త్రొక్కుచుండిన రైతు ఊరకుండునా? చేలోనికి రావలదని రైతులు అడ్డుపడిన సందర్భములు కలవు. వారి ఆగ్రహమును అన్యాయమనజాలము. కావున మన ఏర్పాటులో దొరకినవానికెంత, ఆసామికెంత అన్నది ముందుగనే తేలవలెను. 1878 నాటి మూడు పాళ్ళు, ఒక పాలు అను లెక్క ఆ చర్చకు మంచి ఆరంభము.

దీనిని తడయుటవలన జరుగుచున్న హాని రూపాయలతో ముగియునది కాదు. అనకాపల్లి జిల్లాలో గొలుగొండ మండలపు కరక కొండను, గూడెం వైపున సిగనాపల్లిని రంగురాళ్ళ త్రవ్వకములు ఎరుగనివారు ఆ ప్రాంతమున లేరు. వైడూర్యమును ఆ జాతి తక్కిన రాళ్ళును అచట దొరకును. రాత్రివేళ, దీపము మరుగుపరచి, ఆధారపు కొయ్యలు లేని సొరంగములలో దూరి త్రవ్వుచు, మన్ను విరిగిపడి ప్రాణములు కోల్పోయినవారు ఉన్నారు. త్రవ్వించిన వ్యాపారి ఆ కొండ ఎక్కడు. పైకి వచ్చిన రాయి ఊరు దాటినంతనే పేరు మార్చుకొనును. నగరపు అంగడిలో అది ఏ దేశపు రాయిగా అమ్ముడగునో అమ్మువానికే ఎరుక.

పోయిన ఆకరమును మరల పట్టుకొనుట ఒక్కొక్కప్పుడు సాధ్యమే. కాని ఎంత ప్రయాసతోనో చూడుడు. పుదుచ్చేరి చెంత అరికమేడు త్రవ్వకములలో గార్నెట్ అను ఎర్రరాతి పూసలు దొరకినవి. రెండువేల ఏండ్ల క్రిందటి రేవుపట్టణమది. ఆ పూసల రాయి ఎక్కడిది? జర్మనీ, ఫ్రాన్సు, భారతదేశముల పరిశోధకులు కొందరు కలసి పూసల రసాయనమును, వాని లోపల చిక్కిన అతిసూక్ష్మ ఖనిజకణములను పరీక్షించి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని గరీబ్‌పేట గుట్ట రాళ్ళతో అవి సరిపోలుచున్నవని 2017లో ప్రకటించిరి. తెలుగునేల రాయి తమిళతీరమున పూసయైన కథ ఇట్లు బయటపడినది. ఒక చీటి మీద రెండు మాటలుండిన తేలిపోవు సంగతికి ప్రయోగశాలలు కావలసివచ్చినవి. పూసకు అంతటి యోగము పట్టినది గాని ప్రతి రాయికిని పట్టునా?

రత్నముల విషయమున కనీసము ధర యొకటి ఉండుటచే నలుగురును మాటాడుచున్నారు. వృక్షశిలాజములకు ఆ భాగ్యమును లేదు. ఆకు బురదలో పడి, ఆ బురద పొరలుపొరలుగా గట్టిపడి పలకరాయియై, కోట్ల ఏండ్ల పిదప ఎవడో ఆ పలకను చీల్చినపుడు లోపల ఈనెలతో సహా ఆకు ముద్ర కనబడును. ప్రకాశం జిల్లా వేమవరము పలకరాళ్ళలో అట్టి ఆకులు కలవు. నేడు మనవైపున మొలవని, సైకాస్ చెట్ల మట్టలను పోలిన టైలోఫిల్లము మున్నగునవి. వయస్సు సుమారు 12 కోట్ల ఏండ్లు. తూర్పుతీరపు ఈ శిలాజములను ఫైస్ట్‌మాంటెల్ అను శాస్త్రజ్ఞుడు 1879లోనే వర్ణించి ప్రకటించెను. వేమవరము పేరు భూగర్భశాస్త్రము చదివిన విదేశీయునికి తెలియును, ఒంగోలులో బస్సు ఎక్కువానికి తెలియదు. సింగరేణి బొగ్గుపొరలతో కూడిన పలకలలో అంతకంటె రెట్టింపు ప్రాచీనమైన గ్లాసాప్టెరిస్ ఆకులున్నవి. ఆ పేరునకు ‘నాలుక ఫెర్ను’ అని అర్థము. చూచినచో నిజముగ నాలుకవలెనే ఉండును.

ఈ ఆకును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోజాలను. 1912లో దక్షిణధ్రువమును చేరి మరలివచ్చుచు, స్కాట్ దళమువారు తిండి చాలక, చలికి కాళ్ళు కొంకర్లుపోవుచుండగా, దారిలో ఒక కొండ ప్రక్క ఆగి రాళ్ళు ఏరిరి. ఆ బరువును, సుమారు పదునారు కిలోలు, కడవరకు లాగిరి. నెలల పిదప వారి గుడారమును వెదకి పట్టినవారికి కళేబరములతోపాటు ఆ రాళ్ళును దొరకినవి. వానిలో గ్లాసాప్టెరిస్ ఆకులుండెను. మంచుఖండమునకును మన సింగరేణికిని ఒకనాడు ఒకే అడవి, ఒకే నేల యని చెప్పుటకు అది గొప్ప సాక్ష్యమైనది. సాక్ష్యమెందులకైనది? విల్సన్ అను ఆ దళపు శాస్త్రజ్ఞుడు, చావు దాపుననుండగనే, రాళ్ళు తీసిన చోటును తన దినచర్యలో వ్రాసియుంచుటచేత. ఆ ఆకులను పరీక్షించి 1914లో ప్రకటించిన సీవార్డుకు కేంబ్రిడ్జిలో శిష్యుడైనవాడే మన బీర్బల్ సహానీ. లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థను స్థాపించిన సహానీ, దాని శంకుస్థాపనకు శిలాజములు పొదిగిన ఫలకమును సిద్ధపరచెను; 1949 ఏప్రిల్ 3న నెహ్రూ దానిని ప్రతిష్ఠించెను; వారము తిరుగకమునుపే సహానీ కన్నుమూసెను.

చోటు తప్పిన శిలాజము ఎంత అనర్థము తెచ్చునో 1989లో లోకమునకు తెలిసినది. హిమాలయములలో దొరకినవని మన దేశపు ఆచార్యుడొకడు ఏండ్లతరబడి ప్రకటించిన శిలాజములలో కొన్ని, పారిస్ అంగళ్ళలో అమ్ముడగు మొరాకో శిలాజములను అచ్చముగ పోలియున్నవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ ‘నేచర్’ పత్రికలో ఎత్తిచూపెను. హిమాలయ భూగర్భచరిత్రను గూర్చి వ్రాసిన ఎన్నియో పుటలు దానితో సందేహాస్పదములైనవి. రాళ్ళు నకిలీవి కావు. వాని చీటీలే నకిలీవి.

మా కళాశాలలో భూగర్భశాస్త్రము చెప్పుట మానిన పిదప ఆ శాఖ బీరువా గ్రంథాలయము మూలకు చేరినది. ఒక సెలవునాడు దానిని తెరచితిమి. పలకరాళ్ళ మీద ఆకులు, నిన్న ఒత్తినంత స్పష్టముగ. చీటీలు మాత్రము పురుగు తిని పొడియైనవి. ఆ శాస్త్రము చెప్పి విశ్రమించిన పెద్దాయనను పిలిపించి చూపితిని. ఆయన ఒక్కొక్క పలకను చేతబట్టి, చాలసేపు త్రిప్పి చూచి, “ఆకులు బాగున్నాయి మాస్టారూ, చీటీలే లేవు. ఇక ఇవి కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికే” అన్నారు. తాళపత్రము చివరి ఆకు పోయి, గ్రంథకర్త ఎవరో తెలియని కావ్యములు నేను చాల చూచితిని. అయినను కావ్యమును భాషను బట్టి, శైలిని బట్టి ఏదో శతాబ్దమున నిలుపవచ్చును. ఈ ఆకునకు ఆపాటి దిక్కును లేకపోయినది.

శిలాజము ఖనిజముగా అమ్ముడగు వస్తువు కాదు గనుక గనుల చట్టమునకు పట్టదు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రధానముగా మానవుని చేతిపనికి సంబంధించినది. ఈ సందును పూడ్చుటకు కేంద్ర గనుల మంత్రిత్వశాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలముల, భూ అవశేషముల పరిరక్షణ బిల్లునకు ముసాయిదా ప్రకటించినది. రక్షిత స్థలమును పాడుచేసినవారికి ఆరు మాసముల వరకు కారాగారము, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా అందు కలవు. సంకల్పము మెచ్చదగినదే. అయితే పెత్తనమంతయు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ చేతిలోనే పెట్టుచున్నారని భూవిజ్ఞానులే కొందరు ఆక్షేపించిరి. నా ఆక్షేపణ వేరు. ముసాయిదాలో శిక్షకు చూపిన శ్రద్ధ దొరకినవాని యెడల కనబడదు. రాళ్ళు ఏరు పిల్లవానిని ఆ చట్టము భయపెట్టినచో, వాడు రాయిని మానడు. చోటు చెప్పుట మానును. జొన్నగిరి చేలలో జరిగినదే వేమవరము పలకల మీదను జరుగును.

అడుగవలసినది పెద్ద కార్యాలయము కాదు. వచ్చు తొలకరికి ముందుగ, జొన్నగిరిలో ఒక చెట్టు క్రింద ఒక బల్ల, వజ్రము తూచు త్రాసు, రాయి నెరిగిన ఉద్యోగి యొకడు, ఒక దస్తరము చాలును. దస్తరములో దొరకినవాని పేరు, ఆసామి పేరు, సర్వే నెంబరు, తేది, మట్టి రంగు, రాయి బరువు వ్రాసి, దానికి నకలు రసీదును దొరకినవాని చేతికీయవలెను. వేలము ఏ దినమున ఎచట జరుగునో ఆ రసీదు మీదనే ఉండవలెను. తెచ్చినవానిని ‘నీకెక్కడిది?’ అని గద్దించుటకు మారుగా, ‘ఏ చేలో దొరికిందయ్యా?’ అని అడుగుటకు ఆ ఉద్యోగికి ముందుగ నేర్పవలసియుండును.